ఇంకా రెండేళ్ళు ఏం చదువమ్మా?

ఈసారి రాత కొంచెం పొడుగు. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, కాని తప్పకుండా చదవండి. చివర్లో మీ అందరితో ఒక పని ఉంది.

మన సభ్యుల్లో ఒకరి కూతురు అమెరికాలో డాక్టరని మీకు తెలిసిందే. తమిళనాడులోనే ఎంబీబీఎస్ చదివి, అక్కడి పరీక్షలన్నీ రాసి, ఎమర్జెన్సీ మెడిసిన్‌లో మూడేళ్ళ రెసిడెన్సీ ముగించింది. ఇంక ఉద్యోగంలో చేరడమే తరువాయి, చదువు కోసం చేసిన అప్పు తీరుతుంది, పెళ్ళి మాట కదపొచ్చు అని ఇంట్లో అనుకుంటూ ఉండగా ఇంకో రెండేళ్ళు ఫెలోషిప్ చేస్తానంది. గుండె వైద్యమో మెదడు వైద్యమో అయితే ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. ఆమె ఎంచుకున్నది మెడికల్ టాక్సికాలజీ. విషాల వైద్యం.

ఆ రెండేళ్ళూ ఇచ్చేది శిక్షణలో ఉన్నవాళ్ళ జీతమే. అదే ఊళ్ళో అదే ఆసుపత్రిలో పూర్తి డాక్టరుగా చేరితే వచ్చేదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. పోనీ, చదువు ముగిశాక జీతం పెరుగుతుందా అంటే అదీ పెద్దగా లేదట. ఈ చదువు చదివినవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ ఎమర్జెన్సీ డ్యూటీలే చేస్తూ, దాని పక్కన విషాల కేసులు చూస్తారు. వాళ్ళ నాయన లెక్కల మనిషి. "ఖర్చు రాశినాను, జమ దగ్గర రాసేదానికేమీ లేదు" అని మా దగ్గర వాపోయారు. వాళ్ళమ్మది ఇంకో బాధ. సంబంధం అడిగేవాళ్ళకు పిల్ల ఏం డాక్టరని చెప్పాలి?

సంక్రాంతికి ఆ అమ్మాయి ఊరికొస్తే సంఘం హాల్లో కూర్చోబెట్టుకొని మేమే అడిగాం. అరగంట అనుకున్నది రెండు గంటలు దాటింది. మన పెద్దల్లో ఒకాయన మొహమాటం లేకుండా, "మందు తాగినోళ్ళకి కడుపు కడిగేది, పాము కరిస్తే సూదేసేది. దీనికి ఇంగ రెండేండ్లు ఏం చదువమ్మా?" అనేశారు. ఆమెకు కోపం రాలేదు. "అదే తాతా చిక్కు. కడుపు కడిగేది అందరికీ మంచిది కాదు. ఎవరికి కడగకూడదో తెలుసుకునేదానికే సగం చదువు" అంది.

ఆ రెండు గంటల్లో విన్నదీ, తర్వాత మేం చదివి కనుక్కున్నదీ కలిపి రాస్తున్నాం.

అమెరికాలో ఈ శాఖను ప్రత్యేక ఉపశాఖగా అక్కడి వైద్య బోర్డు 1992లో గుర్తించింది. ముందు ఒక రెసిడెన్సీ పూర్తి చెయ్యాలి. ఎమర్జెన్సీ నుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ, పిల్లల వైద్యం నుంచీ, వృత్తి సంబంధ ఆరోగ్యం చూసే ప్రివెంటివ్ మెడిసిన్ నుంచీ కూడా వస్తారు. తర్వాత రెండేళ్ళు. అంత పెద్ద దేశంలో ఈ శిక్షణ ఇచ్చే చోట్లు ముప్పై ప్రాంతంలోనే ఉన్నాయి. ఒక్కో చోట ఏడాదికి తీసుకునేది ఒకరినో ఇద్దరినో.

వాళ్ళు పని నేర్చుకునేది రెండు చోట్ల. ఒకటి రోగి మంచం పక్కన, అది మనకు తెలిసిందే. రెండోది టెలిఫోను పక్కన. ఈ రెండోదే మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. 1953లో షికాగోలో మొదలైన విష సమాచార కేంద్రం లాంటివి ఇప్పుడు ఆ దేశంలో యాభైకి పైగా ఉన్నాయి. ఎక్కడినుంచి చేసినా ఒకే నంబరు. ఫోను మొదట ఎత్తేది దీంట్లోనే తరిఫీదు అయిన నర్సులు, ఫార్మసిస్టులు. బిడ్డ నేల తుడిచే మందు తాగిందని తల్లి ఫోను చేస్తుంది, అమ్మమ్మ బీపీ మాత్రలు మనవడు మింగాడని ఇంకొకరు చేస్తారు. ఏడాదికి సుమారు ఇరవై లక్షల కేసులు ఇట్లా వస్తాయి. అందులో మూడింట రెండు వంతులు ఆసుపత్రి గడప తొక్కకుండా ఇంట్లోనే తేలిపోతాయి. ఏం భయం లేదు, నీళ్ళు తాపించండి, రెండు గంటల తర్వాత మేమే ఫోను చేసి కనుక్కుంటాం అంటారు. భయం లేదని ధైర్యంగా చెప్పడానికి కూడా చదువు కావాలి కదా. చిన్న ఊళ్ళో ఆసుపత్రి డాక్టరుకు చిక్కు కేసు వస్తే ఆయనా ఇదే నంబరుకు చేస్తాడు. అప్పుడు మాట్లాడేది ఈ ఫెలోలు, వాళ్ళ వెనక గురువులు. రాత్రి రెండు గంటలకు, తాను చూడని రోగి గురించి, మూడు వందల మైళ్ళ దూరంలో ఉన్న డాక్టరును ఏ ప్రశ్నలు అడగాలి? ఏమి తీసుకున్నారు, ఎంత, ఎన్ని గంటలైంది, ఇప్పుడు కంటిపాప ఎట్లుంది, చర్మం తడిగా ఉందా పొడిగా ఉందా. కంటిపాప సూదిమొనంత అయిపోయి ఒళ్ళంతా చెమటలూ నోట్లో నురగా ఉంటే ఒక జాతి విషం. పాప పెద్దదై ఒళ్ళు పొడిగా కాలిపోతుంటే ఇంకో జాతి, ఉమ్మెత్త లాంటిది. పేరు తెలియకపోయినా జాతి దొరికితే సగం దారి దొరికినట్టే అని ఆమె చెప్పింది.

గంటల లెక్క ఎంత ముఖ్యమో చెప్పడానికి పారాసెటమాల్ సంగతి ఎత్తింది. ఎక్కువైతే అది కాలేయాన్ని తినేస్తుంది, కాని మొదటి రోజు మనిషి బాగానే కనబడతాడు. 1975లో రూమాక్, మాథ్యూ అనే ఇద్దరు డాక్టర్లు ఒక గీత గీసిన పటం తయారుచేశారు. తీసుకుని నాలుగు గంటలు దాటాక రక్తంలో అది ఎంతుందో చూసి, గీతకు పైన ఉంటే విరుగుడు మొదలుపెడతారు, కింద ఉంటే అక్కర్లేదు. యాభై ఏళ్ళుగా లోకమంతా ఆ గీతే వాడుతోంది. పెద్ద మిషను కాదు, ఖరీదైన మందూ కాదు. ఎప్పుడు, ఎంత అన్న రెండు ప్రశ్నలకు జవాబు, అంతే.

మన పెద్దాయన ఊరుకోలేదు. "అక్కడ పారాసెటమాలు, ఇక్కడ పురుగుల మందు. అక్కడి పాము వేరు, ఇక్కడి పాము వేరు. అక్కడ నేర్చింది ఇక్కడికి పనికొస్తుందా?" అన్నారు. ఈ ప్రశ్న మాకు బాగా నచ్చింది. ఆమె జవాబు ఇంకా నచ్చింది. "సగం పనికిరాదు తాతా. మనవైపు విషాల వైద్యం లోకానికి నేర్పింది అమెరికా కాదు, మనలాంటి ఊళ్ళే" అంది. అక్కణ్ణించి ఆమె చెప్పినవి వింటుంటే హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

మన తోటల్లో, గులాబీ షెడ్లలో కొట్టే మందుల్లో చాలావాటికి విరుగుడు అట్రోపిన్. పాత మందు, చవక మందు, తాలూకా ఆసుపత్రిలోనూ ఉండేదే. బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో దీనిమీద ఒక పరీక్ష చేశారు. నూటయాభై ఆరు మంది రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎప్పట్నుంచో ఇస్తున్న పద్ధతిలోనే అట్రోపిన్ ఇచ్చారు. రెండో గుంపుకు అదే మందును ఐదు నిమిషాలకోసారి రోగిని చూస్తూ, ఊపిరితిత్తుల్లో నీరు ఆరేదాకా మోతాదు రెట్టిస్తూ పోయి, ఆరాక సన్నధారగా ఎక్కించారు. మొదటి గుంపులో నూటికి 22.5 మంది చనిపోయారు. రెండో గుంపులో నూటికి 8 మంది. ఈ ఫలితం 2012లో అచ్చయింది, అదీ అమెరికాలోని టాక్సికాలజీ డాక్టర్ల సంఘం వారి పత్రికలోనే. మందు అదే, ఆసుపత్రి అదే, మనుషులు మనలాంటి రైతులే. మారింది ఇచ్చే పద్ధతి ఒక్కటే.

ఇది విన్న తర్వాత "దీనికి రెండేళ్ళెందుకు" అని ఎవరూ అడగలేదు.

అన్నీ ఇంత తేటగా తేలవని కూడా ఆమే చెప్పింది. అట్రోపిన్‌తోపాటు ఇచ్చే ప్రాలిడాక్సిమ్ అనే ఇంకో మందుంది. మహారాష్ట్రలో బారామతి డాక్టర్లు రెండు వందల మంది రోగుల మీద చూసి, ఎక్కువ మోతాదులో ధారగా ఎక్కిస్తే చావులు తగ్గాయని 2006లో లాన్సెట్ పత్రికలో రాశారు. (సోలాపూరు వైపు మన బంధువులకు బారామతి బాగా తెలిసిన ఊరే. జిల్లా కేంద్రం కూడా కాని ఊళ్ళోని ఆసుపత్రి పేరు లాన్సెట్‌లో రావడం చిన్న మాట కాదు.) మూడేళ్ళ తర్వాత శ్రీలంకలో ఇంకో పరీక్ష చేస్తే ఆ మందువల్ల మేలేమీ కనబడలేదు. ఎవరిది సరి? ఏ పురుగుల మందు తాగారు, ఎన్ని గంటలకు ఆసుపత్రికి చేరారు అన్నదాన్నిబట్టి తేడా వచ్చి ఉండొచ్చునని ఒక వాదన. ఇట్లాంటి రెండు కాగితాలు చేతిలో పట్టుకొని, ఎదురుగా ఉన్న రోగికి ఏం చెయ్యాలో తేల్చుకోవడమే ఈ శిక్షణ అట. మహారాష్ట్ర పేరొచ్చింది కాబట్టి ఇంకొక మాట. కొంకణంలో మహాడ్ అనే ఊళ్ళో ఉండి, ఎర్రతేలు కుట్టి పిల్లలు చనిపోతుంటే ప్రాజోసిన్ అనే బీపీ మాత్రతో వాళ్ళను బతికించవచ్చని చూపించిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్‌గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఏ ఫెలోషిప్పూ చేసి వచ్చినవాడు కాదు, పిల్లల మంచాల పక్కన కూర్చుని కనుక్కున్నాడు. ఆ కనుక్కున్నది ఇంకొకరికి క్రమంగా నేర్పే ఏర్పాటు ఉండాలి కదా అని ఆ అమ్మాయి వాదన. మాకూ అదే సబబనిపించింది.

మన దేశంలో ఆ ఏర్పాటు ఎట్లుందో చూడండి. ఎంబీబీఎస్‌లో విషాల పాఠం ఉంది, కాని ఫోరెన్సిక్ మెడిసిన్ సబ్జెక్టులో ఉంది. 1920లో మొదట అచ్చయిన మోదీగారి పుస్తకం పేరే వైద్య న్యాయశాస్త్రం, విషశాస్త్రం కలిపి ఉంటుంది. అంటే కోర్టుకు, పోస్టుమార్టానికి పనికొచ్చే చదువు. కడుపులో ఏం దొరికింది, సీసాలో ఏం పంపాలి, సీలు ఎట్లా వెయ్యాలి. అదీ కావలసిందే, తప్పు పట్టడం లేదు. కాని ఊపిరి ఉన్న మనిషికి ఏం చెయ్యాలన్నది ఎవరి సబ్జెక్టు? ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక శాఖగా మన మెడికల్ కౌన్సిల్ గుర్తించిందే 2009లో. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం 1995లో పెట్టారు. ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, నంబరు 1800 116 117. చెన్నై ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనూ, కొచ్చిలో అమృతలోనూ ఇట్లాంటి కేంద్రాలున్నాయి. హాల్లో ఆరోజు నలభై మందిమి ఉన్నాం, ముగ్గురు మెడికల్ షాపులవాళ్ళు, ఇద్దరు పురుగుల మందుల అంగడివాళ్ళతో సహా. ఢిల్లీ నంబరు ఉందని తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

పాముల సంగతి ఇంకా పెద్దది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పన్నెండు లక్షల మంది పోయి ఉంటారని, ఏడాదికి సగటున 58,000 అని 2020లో ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. 2030 నాటికి దాన్ని సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అదే 2024లో ముందు కర్ణాటక, తర్వాత తమిళనాడు, పాముకాటు కేసు ప్రతిదీ ప్రభుత్వానికి తెలపాలని ఉత్తర్వులిచ్చాయి. మనం ఆ రెండు రాష్ట్రాల గట్టుమీద కూర్చున్నవాళ్ళం, కాబట్టి ఇది మన సంగతే. విరుగుడు సూదికి కావలసిన విషంలో ఎక్కువ భాగం చెన్నై పక్కన వడనెమ్మెలిలో ఇరుళర్లు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచి వస్తుంది. నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటికీ కలిపి ఒకే సూది. ఒక్కో ప్రాంతంలో పాము విషం ఒక్కో రకంగా ఉంటుందని, ఒక చోటి విషంతో చేసిన సూది అన్ని చోట్లా ఒకేలా పనిచెయ్యదని బెంగళూరు ఐఐఎస్సీవాళ్ళు చూపించారు. సూది మోతాదు పిల్లకైనా పెద్దకైనా ఒకటేనన్నది మాకు కొత్త. "పాము పిల్లవాణ్ణి చూసి జాలిపడి విషం తగ్గించదు కదా మామా" అని నవ్వింది. మిగిలిన మందులన్నీ బరువునుబట్టి ఇస్తారు, ఇది ఒంట్లో చేరిన విషాన్నిబట్టి ఇవ్వాలి. తెలియని చోట బిడ్డకు సగమే ఇచ్చి ఊరుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మాకు కష్టంగా ఉన్న మాట రాస్తాం. పేర్లు, ఊళ్ళు రాయం.

కొన్నేళ్ళ కిందట మనవాళ్ళ ఇంట్లోనే ఒక కుర్రవాడు కోపంలో మందు తాగాడు. ఆసుపత్రికి తీసుకుపోయినవాళ్ళు పోలీసు కేసవుతుందని, చెల్లెలి పెళ్ళి చెడిపోతుందని భయపడి, రాత్రి తిన్నది పడలేదు, వాంతులు అని చెప్పారు. వాంతులకే వైద్యం జరిగింది. తెల్లారేసరికి ఊపిరి అందలేదు. తర్వాత నిజం చెప్పారు, కాని గంటలు పోయాయి. ఆ పిల్లవాడు దక్కలేదు. ఆ ఇంటివాళ్ళను అనడానికి మాకు నోరు రాదు. ఆ భయం మనందరిదీ. అందుకే ఈ మాట అందరికీ తెలియాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, చావబోయిన మనిషిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, ఆ పనికి శిక్ష వెయ్యకూడదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త శిక్షాస్మృతిలో పాత 309 సెక్షను లేనే లేదు. ఆసుపత్రివాళ్ళు పోలీసుకు తెలుపుతారు, ఒక కాగితం రాసుకుంటారు, నిజమే. దానికి భయపడి డాక్టరు దగ్గర దాచొద్దు. మనసు బాగాలేనివాళ్ళు ఇంట్లో ఉంటే 14416కు ఫోను చెయ్యండి, టెలీ మానస్ అంటారు, తెలుగు, తమిళం, కన్నడం అన్నీ పలుకుతాయి. ఊరకే వినేదానికైనా ఒక మనిషి దొరుకుతుంది.

బాగానే ఉన్నాడు కదా అని ఇంటికి తెచ్చుకోవడం ఇంకో ముప్పు. పసుపు భాస్వరంతో చేసే ఎలుకల పేస్టు అచ్చం ఇట్లాంటిది. మొదట వాంతులవుతాయి, తగ్గుతాయి, రెండో రోజు మనిషి కూర్చుని ఇడ్లీ తింటాడు. మూడో రోజు కళ్ళు పచ్చబడతాయి, అప్పటికి కాలేయం పోతూ ఉంటుంది. వేలూరు సీఎంసీలో కాలేయం డాక్టర్లు ఇట్లాంటి రోగులకు రక్తంలోని ప్లాస్మా మార్చి చాలామందిని నిలబెట్టారు, ఆ పేస్టును ఆపించాలని గట్టిగా చెప్పినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. తమిళనాడు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అయినా పాతది ఇంటి అటకమీద ఎక్కడ ఉందో చూసుకోండి. డాక్టరు ఇంకో రెండు రోజులు ఉండమంటే బిల్లు గుంజడానికి అనుకోకండి. (కొన్ని చోట్ల గుంజుతారు, అది వేరే రాతకు.)

మిగిలిన జాగ్రత్తలు గబగబా చెప్పేస్తాం, చాలావరకు తెలిసినవే. మందు తాగినవాళ్ళకు ఉప్పునీళ్ళు, చింతపండు నీళ్ళు, పేడనీళ్ళు తాపించి కక్కించొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే తాగిన మందుకంటే ముందు అదే చంపుతుంది. బట్టలు తీసేసి సబ్బుతో కడిగి, ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చెయ్యండి. డబ్బా తీసుకుపొండి. మందుల డబ్బామీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కోణం ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే ఘాటు. అందుకే విడిగా కొనొద్దు, కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టొద్దు. అంగడివాళ్ళు కూడా దయచేసి అట్లా అమ్మొద్దు, మనవాళ్ళే అమ్ముతున్నారు కాబట్టి చెప్తున్నాం. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, పామును చంపి సంచిలో తేవొద్దు, వీలైతే దూరంనుంచి ఫోటో చాలు. కాలు కదలకుండా పెట్టుకొని నేరుగా ఆసుపత్రికే.

ఇంక మీతో ఉన్న పని.

ఆ అమ్మాయి వెళ్ళే ముందు, నీకు సంఘం తరఫున ఏమైనా చెయ్యగలమా అని అడిగాం. విద్యానిధి నుంచి కొంచెం సర్దుదామన్న ఆలోచన కూడా ఉంది మాకు. డబ్బు వద్దంది. పేర్లు కావాలంది.

విషం కేసులో మొదటి మందు మాట. రోగి, రోగి ఇంటివాళ్ళు చెప్పే పేరు. మన ఇళ్ళల్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో తమిళం. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు తిరునల్వేలి నుంచో నాగర్‌కోయిల్ నుంచో వచ్చి ఉంటాడు. బేరికె దగ్గర పొలంలో పాము కరిచిన ముసలమ్మ "నల్లపాము కరిసింది నాయనా" అంటుంది. ఆమె చెప్పింది నల్లగా ఉన్న పాము, కట్లపాము కావచ్చు. డాక్టరు చెవిలో పడింది నల్ల పాంబు, తమిళంలో అంటే నాగుపాము, మంచి పామని అర్థం. నాగు కరిస్తే వాపు, నొప్పి, కాటుచోటు నల్లబడడం చూస్తారు. కట్లపాము కాటుకు చాలాసార్లు నొప్పే ఉండదు, వాపుండదు, గంటల తర్వాత కనురెప్పలు వాలడం మొదలవుతుంది. వాపు లేదు కాబట్టి ఏం పర్వాలేదని ఆమెను వరండాలో కూర్చోబెడితే? సూది రెండింటికీ ఒకటే, కాని ఎంతసేపు కనిపెట్టుకొని ఉండాలి, ఎప్పుడు ఊపిరి మిషను సిద్ధం చెయ్యాలి అన్నవి వేరు. తమిళంలో కట్టువిరియన్ అంటే కట్లపామే, కన్నాడివిరియన్ అంటే రక్తపింజరి. ఒకటి నరాలను పట్టే విషం, ఇంకొకటి రక్తాన్ని విరిచే విషం, రెండింటి పేర్ల చివరా విరియన్ ఉంది. కంగారులో ఉత్త విరియన్ అని చెప్తే డాక్టరు ఏమనుకోవాలి? రక్తపింజరిని కన్నడంవాళ్ళు కొళకుమండల అంటారు, మన ఇళ్ళల్లో కొందరూ అదే అంటారు.

ఆకులదీ ఇదే కథ. మనం కడిసె ఆకు అనేదాన్ని తమిళంలో ఒడువన్ తళై అంటారు. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఒంట్లో పొటాషియం పడిపోకుండా, రక్తం పులిసిపోకుండా కాచుకోవాలి. అమెరికా పుస్తకాల్లో దీనికి చోటు తక్కువ, దీని గురించి తెలిసింది వేలూరు, పుదుచ్చేరి, మన ఆంధ్ర వైపు డాక్టర్లకే. కొన్ని ఊళ్ళల్లో కడిసెకు కొడిశ అనీ పేరు. కొడిశపాల అని మందుచెట్టు ఒకటి ఉంది, అది పూర్తిగా వేరే చెట్టు. పచ్చగన్నేరుకు అరళి, కణగిలె అన్న మాటలు వాడతారు, అది ఎర్రగన్నేరా పచ్చగన్నేరా అని అడక్కపోతే తెలియదు. ఆమె చెప్పిన ఈ చిక్కులు ఏ దేశపు సిలబస్‌లోనూ ఉండవు. వీటిని సరిచెయ్యగలిగేది మూడు భాషలూ ఇంట్లో పెరిగిన మనమే.

కాబట్టి సంఘం తీర్మానించింది ఇది. పాములు, తేళ్ళు, చెట్లు, గింజలు, పొలం మందులు, ఇంట్లో వాడే రసాయనాలు, వీటికి మన ఊళ్ళల్లో నిజంగా నోట వాడే పేర్లు, పక్కనే తమిళం, కన్నడం పేర్లు, ఫోటోతో సహా ఒక పటం తయారుచేస్తాం. పుస్తకంలో ఉన్న పేరు అక్కర్లేదు, మీ అవ్వ అనే పేరు కావాలి. ఎరువుల అంగట్లో మందును కంపెనీ పేరుతో అడుగుతారా, డబ్బా రంగుతో అడుగుతారా, అదీ రాయండి. బాగలూరు, బేరికె, సూళగిరి, వేపనపల్లి, డెంకణికోట, కెలమంగలం, తళి వైపు సభ్యులు ఒక్కో ఊరి నుంచి కనీసం ఇద్దరు పెద్దలను కూర్చోబెట్టి అడగాలి. పశువులు కాసినవాళ్ళు, తోట కాపలావాళ్ళు అయితే మరీ మంచిది. వాళ్ళకు తెలిసినంత చదువుకున్నవాళ్ళకు తెలియదు. పేర్లన్నీ చేరాక ఆ అమ్మాయి, ఇక్కడి ఇద్దరు ప్రభుత్వ డాక్టర్లు సరిచూస్తారు. ఏది దేనికి పేరో వాళ్ళు తేల్చేదాకా అచ్చు వెయ్యం.

బరంపురం, రాయగడ, సోలాపూరు, యానాంలలో ఉన్న మన సోదర సంఘాలవాళ్ళు ఇది చదువుతుంటే, మీ దగ్గరా ఇదే పని మొదలుపెట్టుకోవచ్చు. ఒడియా, మరాఠీ పేర్లతో మీ చిక్కులు మావాటికంటే వేరుగా ఉంటాయి. మేం వాడే ఖాళీ పట్టిక అడిగినవాళ్ళకు పంపిస్తాం.

పేర్లు ఉగాది లోపల సంఘం కార్యదర్శిగారికి చేరాలి. కాగితంమీద రాసిచ్చినా సరే, గొంతు రికార్డు చేసి పంపినా సరే. గొంతే మేలు, పలికే తీరు కూడా తెలుస్తుంది.